అరిసెలు 56 ఏపీఓ దాకా విరక్కుండా వెళ్తాయా? ఒంగోలు సంతపేట పిండివంటల దుకాణం మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ దుకాణం అరిసెలు ఒంగోల్లోకెల్లా గొప్పవేం కావు. టంగుటూరులో మా పిన్ని చేసేవి వీటికంటే బాగుంటాయి. కానీ మిలిటరీలో ఉన్న పిల్లవాడికి, అంటే ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసుకు, పండక్కి పార్శిల్ పంపాలంటే మాత్రం నేను ఇంకో కొట్టు గడప తొక్కను. అందుకే ఈ రివ్యూ రుచి గురించి తక్కువ, పార్శిల్ గురించి ఎక్కువ.

బోర్డు మీద ‘స్వగృహ పిండివంటలు’ అని తప్ప వేరే పేరేం లేదు. అలాంటి బోర్డులు ఊళ్ళో వీధికొకటి ఉన్నాయి కాబట్టి గుర్తు చెప్తాను. సంతపేటలో గ్రిల్లు గేటున్న పాత డాబా, గేటుకు ఎడం పక్కన అరుగు, అరుగు మీద కడిగి ఆరబెట్టిన అరిసెల చెక్కలు. లోపల నలుగురైదుగురు ఆడవాళ్ళు పనిచేస్తుంటారు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆవిడే యజమాని. అందరూ అక్కా అనే పిలుస్తారు, నేనూ అంతే.

నేను ఆర్టిలరీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా చెల్లెలి కొడుకు అగ్నివీర్. ఈ సంక్రాంతికి వాడు రావడం లేదు. రెగ్యులర్ జవాన్లకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, అది కాక క్యాజువల్ లీవు ఉంటాయి. అగ్నివీరులకు 30 రోజులే. వాడి అక్క పెళ్ళి మాఘమాసంలో పెట్టుకున్నారు. పెళ్ళికి రావాలా, పండక్కి రావాలా అంటే ఇంక ఆలోచించేదేముంది? మా చెల్లెలు మాత్రం పండగ పేరు ఎత్తితే చాలు కొంగు కళ్ళకు అద్దుకుంటోంది. ‘ఏడవకమ్మా, వాడికి కావలసింది నీ ఏడుపు కాదు, నాలుగు కిలోల అరిసెలు’ అన్నాను. ‘నాలుగు కిలోలా! వాడొక్కడు ఎంత తింటాడన్నయ్యా?’ అంది. అసలు విషయం ఇక్కడే ఉంది. వాడొక్కడు తినడు.

బ్యారక్‌లో పార్శిల్ వచ్చిందంటే అది ఒకడి పార్శిల్ కాదు. పోస్టు తెచ్చేవాడు పేరు పిలిచేసరికి పది తలకాయలు లేస్తాయి. మంచం మీద పెట్టి తాడు తెంపేలోపు చుట్టూ మనుషులు. దాచుకుని ఒక్కడే తినేవాడికి బ్యారక్‌లో విలువుండదు, మరుసటి రోజు నుంచే పేరు పెడతారు. అందుకే అరకిలో గిఫ్టు ప్యాకెట్లు పంపేవాళ్ళకు ఒక దండం. రంగు కాగితం, రిబ్బను, లోపల ఎనిమిది ముక్కలు. తలో చిటికెడు పెడితే పెట్టె ఖాళీ, కుర్రాడికి మిగిలేది రిబ్బను.

ఈ అక్క మొదటిసారి నన్ను మూడే ప్రశ్నలు అడిగింది. అబ్బాయి ఉండే చోటు చలా, ఎండా, తేమా? గదిలో ఎంతమంది? పార్శిల్ చేరడానికి ఎన్ని రోజులు? మిలిటరీ సంగతులు ఈవిడకెలా తెలుసా అని ఆశ్చర్యపోయి అడిగాను. ‘మిలిటరీ ఏముంది తమ్ముడూ, అమెరికా పార్శిళ్ళు కట్టీ కట్టీ వచ్చింది’ అంది. ఆమె చుట్టాల్లో ఫౌజీలు ఎవరూ లేరు. వ్యాపారం తెలిసిన మనిషి, అంతే. నాకు అదే నచ్చింది.

ఇంక సరుకు సంగతి.

అరిసెలకు రెండు పాకాలు. లేత పాకంవి మెత్తగా, నోట్లో వేసుకుంటే కరిగిపోయేలా ఉంటాయి కానీ నాలుగు రోజులు దాటితే నమ్మలేం. ముదురు పాకంవి గట్టిగా ఉంటాయి, నెలైనా చెడవు. పార్శిల్ అనగానే అన్ని కొట్లలోనూ ముదురు పాకంవి కట్టేస్తారు. అస్సాం, అరుణాచల్ వైపు తేమకు అది సరే. లద్దాఖ్ చలికి మాత్రం ఆ ముదురు పాకం ఇంకా బిగిసిపోతుంది. మాకు ఒకసారి అలా వచ్చినవాటిని గది వెచ్చచేసే బుఖారీ పొయ్యి రేకు మీద పెట్టి వెచ్చచేస్తే గానీ పన్ను దిగలేదు. ఈ కొట్టులో చలి ప్రాంతమని చెప్తే పాకం ఒక మెట్టు తగ్గిస్తారు, నువ్వులు ఎక్కువ వేస్తారు, చెక్కల మధ్య మరీ గట్టిగా నొక్కకుండా కాస్త నూనె వదులుతారు. ఇంకో మంచి పని, సైజు. మన ఇళ్ళలో అరిసె అంటే పూరీ అంత ఉంటుంది. పార్శిల్‌కు వీళ్ళు అరచేతిలో సగం పట్టే చిన్నవి చేస్తారు. పంచుకోవడానికి తుంచే పని లేదు, మనిషికొకటి.

ప్యాకింగు నేను దగ్గరుండి చూశాను. అరిసెలు దించిన పూటే కట్టరు. వెదురు పళ్ళెంలో పరిచి, రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు కడతారు. ఇది చిన్న విషయమేం కాదు. వేడి మీద కవర్లో వేసి మూతి కడితే లోపల ఆవిరి నీరై బూజు పడుతుంది. 2002 జనవరిలో మా అమ్మ పంపిన పార్శిల్‌కు సరిగ్గా అదే జరిగింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ఆరిన అరిసెలను ఐదేసి చొప్పున బటర్ పేపర్లో చుట్టి, కడిగి ఎండబెట్టిన నూనె డబ్బాలో నిలువుగా పేరుస్తారు. పడుకోబెట్టి పేరిస్తే అడుగువి నలుగుతాయట. సందుల్లో థర్మోకోల్, చిత్తుకాగితాలు కాకుండా బొరుగులు పోస్తారు. డబ్బా మూత పెట్టేముందు ప్యాకింగు చేసే పిల్ల దాన్ని రెండు చేతులా పట్టుకుని చెవి దగ్గర ఆడించింది. లోపల గలగలమంటే మళ్ళీ బొరుగులు. చప్పుడు ఆగేదాకా పోస్తూనే ఉంది. ఆ పైన అట్టపెట్టె, దాని పైన గుడ్డ కుట్టు.

పోయినేడు మేనల్లుడు ఫోన్ చేసి, ‘మామా, అరిసెలు ఒక్కటీ విరగలేదు. బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, నిమ్మకాయ వేసి కలిపితే అరిసెలకంటే ముందు అవే అయిపోయాయి’ అన్నాడు. ప్యాకింగు సామాను కూడా తినేసే పార్శిల్ నేను ఇంకెక్కడా చూడలేదు.

సున్నుండలు ఇక్కడ కొనకండి. చక్కెర ఎక్కువ, నెయ్యి తక్కువ, కిలో 700 పెట్టి అది తినడం దండగ. పైగా దార్లో పగిలిపోతాయి. దానికి బదులు సున్నుండల పిండి అడగండి. మినుములు వేయించి విసిరి, బెల్లం తురుము వేరే కవర్లో ఇస్తారు. అక్కడ ఫౌజు వంటశాలలో, అదే లంగర్‌లో, కాస్త నెయ్యి సంపాదిస్తే కుర్రాళ్ళే ఉండలు చుట్టుకుంటారు. కనుమ నాడు మినుము తినాలంటారు కదా. గారెలు వేసుకునే వీలు లేనిచోట ఆ ముచ్చట ఇలా తీరుతుంది.

పచ్చళ్ళ విషయంలో నాకు కొట్టు మీద కోపమే. గోంగూర జాడీ మూత దగ్గర కారి, ఒకసారి జంతికలన్నీ ఎర్రబడ్డాయి. చెప్తే ‘అయ్యో తమ్ముడూ’ అంది గానీ డబ్బులు తిరిగివ్వలేదు. అసలు చలి ప్రాంతానికి వేరుశనగ నూనె పచ్చడి పంపడమే వృథా. ఆ నూనె సున్నా డిగ్రీలకు ముందే గడ్డకడుతుంది. మేం జాడీని బుఖారీ పక్కన పెట్టి, కరిగినంత వరకు తీసుకుని, మళ్ళీ మూత పెట్టేవాళ్ళం. పచ్చడికి బదులు పొడులు పంపండి. కందిపొడి, కరివేపాకు కారం, పల్లీ కారం మూడూ ఇక్కడ బాగున్నాయి, ముఖ్యంగా కరివేపాకు కారం. లంగర్ పప్పు తిని తిని నాలుక చచ్చినవాడికి అన్నంలో ఒక చెంచా కారప్పొడి పడితే ప్రాణం లేచొస్తుంది. ఎత్తయిన చోట్ల నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, లేహ్ ఎత్తులో 88 డిగ్రీల దగ్గరే. ప్రెషర్ కుక్కర్ లేకుండా అన్నం పలుకు దిగదు. ఆ అన్నానికి ఆసరా కారప్పొడే.

జంతికలు పర్వాలేదు. ఒక విడతలో పాత నూనె వాసన వచ్చింది, తర్వాత రాలేదు. చెక్కలు బాగుంటాయి. మిగతావి నేను కొనలేదు.

ఇప్పుడు ఆ 2002 సంగతి. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. ఆ వెంటనే సైన్యాన్ని సరిహద్దుకు తరలించే ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది, సెలవులు రద్దయ్యాయి. నేను గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగ్ ముగించుకుని యూనిట్‌కు చేరిన కొత్త. రాజస్థాన్ సరిహద్దులో ఫిరంగుల దగ్గర ఉన్నాం. చోటు పేరు చెప్పను, అలవాటు. భోగి తెల్లవారుజామున మెలకువ వచ్చింది. ఊళ్ళో అయితే ఈ పాటికి పిడకల దండలు పట్టుకుని పిల్లలు మంట దగ్గరికి పరిగెత్తుతుంటారు. ఇక్కడ గన్ పొజిషన్‌లో బీడీ వెలుతురు కూడా కనపడకూడదు. చీకట్లో చలికి వణుకుతూ కూర్చున్నాం. మా పక్క గన్ మీద పంజాబీ కుర్రాడు ఒకడుండేవాడు. ఆ రోజు రాత్రే లోహ్రీ, వాడికీ మంట పండగే. ‘నీకూ మంట లేదు, నాకూ లేదు’ అని జేబులోంచి గుప్పెడు వేరుశనక్కాయలు తీసి సగం నా చేతిలో పోశాడు. అమ్మ పంపిన పార్శిల్ ఫిబ్రవరిలో చేరింది. యూనిట్ అటూ ఇటూ కదులుతుండటంతో అది మా వెనకే తిరిగిందట. తెరిస్తే అరిసెల మీద బూజు. అమ్మకు మాత్రం చాలా బాగున్నాయని ఇన్‌లాండ్ లెటర్ రాశాను.

అన్ని పండగలూ అలా గడవలేదు లెండి. మాది అన్ని రాష్ట్రాలవాళ్ళు కలిసిన యూనిట్. మన సంక్రాంతి ఒక్కటే పండగ అనుకుంటాం గానీ, ఆ రెండు మూడు రోజుల్లో బ్యారక్‌లో ఎవరి పండగ వాళ్ళకుంటుంది. పంజాబీలకు లోహ్రీ, అస్సాం వాళ్ళకు భోగాలీ బిహు, తమిళులకు పొంగల్, బీహారు వాళ్ళకు పెరుగు-అటుకులు, తిల్‌కుట్. సరిహద్దుకు దూరంగా పీస్ స్టేషన్లో ఉంటే ఒకే మంట చుట్టూ లోహ్రీ, భోగి రెండూ అయిపోయేవి. అరిసె పంచితే బీహారువాడు ‘ఇది మా అనర్సా’ అంటాడు, ఒరియావాడు ‘అరిసా పిఠా’ అంటాడు, తమిళుడు ‘అధిరసం’ అంటాడు. ప్రతివాడూ తిని, మా అమ్మ ఇంతకంటే బాగా చేస్తుందని అంటాడు. ఆ మాట అంటూనే ఇంకోటి తీసుకుంటాడు.

జనవరి 15 ఆర్మీ డే. 1949లో అదే రోజున కరియప్ప సైన్యాధిపతిగా బాధ్యతలు తీసుకున్నారు. మనకు కనుమ చాలాసార్లు ఆ రోజే పడుతుంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు ఊళ్ళో. మాకు తెల్లారి పరేడ్, ఆ తర్వాత బడా ఖానా. ఆఫీసర్లు, జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), జవాన్లు అందరూ కలిసి తినే భోజనం అది. మటన్ ఉంటుంది, గారెలు ఉండవు.

చివరి ఏళ్ళలో సెలవుల జాబితా వేసే పనిలో బ్యాటరీ (ఆర్టిలరీలో ఒక దళం) హవల్దార్ మేజర్‌కు నేనూ సాయపడేవాణ్ణి. అందరినీ ఒకేసారి వదలరు కదా. దీపావళి, హోలీకి ఉత్తరాది వాళ్ళు, ఓణానికి మలయాళీలు, సంక్రాంతికి మనవాళ్ళు, తమిళులు. మనవాళ్ళలో మళ్ళీ ఎవరు? ఆ ఏడు పెళ్ళయినవాడుంటే వాడికే ముందు. మొదటి సంక్రాంతికి కొత్త అల్లుడు అత్తారింటికి వెళ్ళకపోతే ఎంత మాటొస్తుందో హర్యానా మేజర్ సాబ్‌కు వివరించడం ఒక పని. ఆయన విని, ‘అయితే వీడికి పెళ్ళి రోజు కంటే ఇదే పెద్దదా?’ అని అడిగి సంతకం పెట్టాడు. పెళ్ళికాని కుర్రాళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళయిన నాలాంటి వాళ్ళు ఉండిపోయేవాళ్ళం. ఇంటికి ఫోన్ చేస్తే పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పనిలో ఉన్న మా నాన్న, ‘ఎద్దుల బండలాగుడు చూసొచ్చాం, నువ్వు లేవు గానీ ఏం లోటు లేదు’ అనేవాడు. ఓదార్చడం ఆయనకు చేతకాదు.

ఇదంతా రివ్యూలో ఎందుకంటే, పార్శిల్ కట్టే కొట్టుకు ఈ సంగతులు అక్కర్లేదు గానీ, పంపేవాళ్ళకు తెలియాలి. పండగ రోజున దిగులుగా కూర్చోవడానికి కూడా అక్కడ టైమ్ ఉండదు. దిగులు వచ్చేది రాత్రి డ్యూటీ దిగాక. ఆ పూట మంచం కింద డబ్బాలో ఇంకో నాలుగు మిగిలి ఉండాలి. కాబట్టి తక్కువ పంపకండి.

పంపే దారి గురించి ఒక ముఖ్యమైన మాట. 56 ఏపీఓ, 99 ఏపీఓ అడ్రసులకు ప్రైవేటు కొరియర్లు చేర్చలేవు. అవి ఆర్మీ పోస్టల్ సర్వీసు అడ్రసులు, తపాలా శాఖ ద్వారానే వెళ్ళాలి. 56 ఏపీఓవి ఢిల్లీ మీదుగా, 99 ఏపీఓవి కోల్‌కతా మీదుగా వెళ్తాయి. పిన్‌కోడ్ 9తో మొదలవుతుంది. ఇది తెలియని మా బావ పోయినేడు దసరాకు ఊళ్ళో ఒక ప్రైవేటు కొరియర్‌కు ఇచ్చాడు. కౌంటర్లో కుర్రాడు డబ్బు తీసుకుని రసీదు ఇచ్చాడు. పార్శిల్ ఎక్కడెక్కడో తిరిగి దీపావళి వెళ్ళాక ఇంటికే వాపసు వచ్చింది. డబ్బు అడిగితే అడ్రసు తప్పన్నారు. అడ్రసు తప్పు కాదు, తీసుకోవడమే తప్పు.

ఈ అక్క ఏపీఓ అడ్రసు చూడగానే కొరియర్ మాట ఎత్తదు. రోజూ సాయంత్రం ఒక అబ్బాయి హెడ్ పోస్టాఫీసుకు వెళ్ళి స్పీడ్ పోస్టు చేసి, రసీదు ఫోటో వాట్సాప్‌లో పెడతాడు. పోస్టు ఛార్జీ రసీదు మీద ఎంతుంటే అంతే, ప్యాకింగుకు 80 రూపాయలు వేరే. మా పార్శిల్ ట్రాకింగ్ ఢిల్లీ దాకే కనపడింది. తర్వాత ఏమీ రాకపోతే కంగారు పడకండి, అక్కడి నుంచి ఫౌజు చేతిలో ఉంటుంది. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ ఏపీఓ, పిన్, అంతే రాయాలి. చేరుతుందో లేదో అన్న టెన్షన్‌తో కొందరు అబ్బాయి పోస్టింగ్ ఊరి పేరు కూడా చేరుస్తారు. అది రాయకూడదు. అక్కకు ఈ విషయం తెలుసు, ఒకావిడ రాసుకొస్తే నా ఎదుటే కొట్టేయించింది.

లోపాలు ఇంకా ఉన్నాయి. బిల్లు అడిగితే తప్ప ఇవ్వరు. జనవరి మొదటి వారంలో వెళ్తే అక్క మొహం చూడలేం, విసుక్కుంటుంది. ఫోన్ ఎత్తదు. మిలిటరీ వాళ్ళకు డిస్కౌంటు ఉందా అని అడిగాను. ‘బెల్లం నాకు డిస్కౌంటులో వస్తోందా?’ అంది. అరిసెలు కిలో 480. ట్రంకు రోడ్డు షాపుల కంటే తక్కువే, ఇంట్లో చేసుకునే దానికంటే బాగా ఎక్కువ. చేసే ఓపిక ఉన్నవాళ్ళు ఇంట్లో చేసుకుని, పళ్ళెంలో రాత్రంతా ఆరబెట్టి, ప్యాకింగు మాత్రం ఇక్కడ చేయించుకోవచ్చు. దానికి 150 తీసుకుంటున్నారు, డబ్బా వాళ్ళదే.

సంక్రాంతికి చేరాలంటే డిసెంబరు 20 లోపు పంపేయండి. లద్దాఖ్ అయితే ఇంకా ముందే, చలికాలంలో మంచు పడితే శ్రీనగర్ నుంచి వెళ్ళే జోజిలా దారి మూసుకుపోతుంది, పోస్టు విమానం మీదే ఆధారపడాలి, మబ్బు పడితే విమానం దిగదు. కొట్టు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మూసేస్తారు, అమావాస్య నాడు అసలు తీయరు. అడ్రసు తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాసుకుని వెళ్ళండి. ఫోన్లో చూపిస్తే అక్క రాసుకోదు, ‘కళ్ళజోడు లేదు’ అంటుంది.